దక్షిణాన ఒక మసక చుక్క

మే నెలలో మా సంఘంలో వి.బి.ఎస్. ముగిసిన రాత్రి కరెంటు పోయింది. గాలి కోసం పిల్లలతో కలిసి మందిరం డాబా ఎక్కాము. సముద్రం ఒడ్డు ఊరు కాబట్టి దక్షిణాన చెట్టూ దీపమూ అడ్డం లేవు. తొమ్మిదిన్నర కావస్తోంది. దిగువన నాలుగు నక్షత్రాల సిలువ నిలిచి ఉంది. (ప్రసంగించాలనిపించింది గాని, పది రోజులుగా వింటున్న పిల్లల మీద జాలిపడి మానుకున్నాము.) దానికి ఎడమగా, పైన, దూదిపింజలా ఒక చుక్క.

"అది నక్షత్రమేనా అయ్యగారూ?"

పూర్వం పండితులూ అలాగే అనుకున్నారు. రెండవ శతాబ్దంలో టోలెమీ దానిని నక్షత్రాల పట్టికలో చేర్చాడు. 1603లో యోహాన్ బేయర్ దానికి ఒమేగా అనే గ్రీకు అక్షరం ఇచ్చాడు. అలా ఒమేగా సెంటారి అయింది. 1677లో సెయింట్ హెలీనా ద్వీపం నుండి చూసిన ఎడ్మండ్ హేలీకి అది మబ్బు మచ్చలా తోచింది. 1830లలో దక్షిణాఫ్రికాలో జాన్ హెర్షెల్ పెద్ద టెలిస్కోపుతో చూస్తే లెక్కకందని నక్షత్రాల గోళమని తేలింది. ఇలాంటి గోళాకార నక్షత్ర గుచ్ఛాలు మన పాలపుంతలో 150కి పైగా ఉన్నాయి. అన్నిటిలో పెద్దది ఇదే. దీనిలో సుమారు కోటి నక్షత్రాలున్నాయి. ఆ రాత్రి మా కంటికి చేరిన వెలుగు అక్కడ బయలుదేరి 17 వేల ఏళ్లు దాటింది.

అబ్రాహామును దేవుడు గుడారం బయటికి తెచ్చి నక్షత్రాలు లెక్కపెట్టమన్నాడు. ఆ లెక్కలో ఈ కోటీ ఒకటిగానే పడి ఉంటాయి!

ఒక యువకుడు బైనాక్యులర్ తెచ్చాడు. గుప్పెడు ముగ్గుపిండి చల్లినట్లు గుండ్రంగా కనబడిందే గాని, విడిగా ఒక్క నక్షత్రమూ తేలలేదు. అందరికంటే ఎక్కువసేపు చూసింది, తమ్ముణ్ణి చంకనెత్తుకొని రోజూ వచ్చిన ఒక చిన్నది. ఒడిశా నుండి ఇటుక బట్టీకి వచ్చిన కుటుంబం వాళ్లది. తెలుగు అంతంతమాత్రం.

"అన్నిటికీ దేవుడు పేర్లు పెట్టాడా అయ్యగారూ?" 147వ కీర్తన నేర్చుకున్న పిల్లవాడు అడిగాడు.

"అన్నిటికీ నాయనా."

కరెంటు వచ్చింది. పిల్లలు కేకలు వేస్తూ మెట్లు దిగారు.

ఆ రాత్రి రిపోర్టు రాస్తూ ఒక వరుస దగ్గర ఆగిపోయాము: 'ఇటుక బట్టీ పిల్లలు – 7'. మిగిలిన వారందరి పేర్లూ ఉన్నాయి. పది రోజులు ఆ పిల్లకు మా చేతులతో బిస్కెట్లు ఇచ్చాము గాని, పేరు అడగలేదు.

తెల్లవారి బట్టీకి వెళ్లాము. పని అయిపోయింది, లారీ రాత్రే వెళ్లిపోయిందన్నాడు మేస్త్రీ. తమ్ముణ్ణి ఎత్తుకొని తిరిగే పిల్ల అని గుర్తు చెప్పాము.

"ఎవరోనండీ" అంటూ పుస్తకం తీసి చూశాడు. ఎన్ని కుటుంబాలో, ఎంత అడ్వాన్సో రాసి ఉంది.