అడవి దాకా వచ్చిన రాజ్యాంగం

ఉట్నూరు ఏజెన్సీలో రాజ్యాంగం ఊసెత్తితే ప్రవేశిక కంటే ముందు వినిపించే మాట ‘వన్ ఆఫ్ సెవెంటీ’. భూమి తగాదాతో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసు మెట్లెక్కే గోండు రైతుకు సవరణల సంగతి చెప్పే 368వ అధికరణం తెలియకపోవచ్చు. ఆదిలాబాద్ అడవికి వర్తించే రాజ్యాంగం చాలావరకు ఆ అధికరణం గుమ్మం తొక్కకుండానే మారుతూ వచ్చింది.

ఆ కథకు జోడేఘాట్ మొదలు. 1940లో గోండు నాయకుడు కొమురం భీం అక్కడ నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాక, గోండుల కడుపుమంటకు కారణమేమిటో తెలుసుకునే పనిని సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. మార్లవాయిలో మకాం పెట్టిన ఆయన, తాతల నాటి నుంచి దున్నుకుంటున్న భూములు పట్టాల పేరిట బయటివాళ్ల పాలు ఎలా అయ్యాయో రాసిపెట్టాడు. 1946లో, ఫసలీ 1356లో, తెగల ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. రాజ్యాంగ సభ ఇంకా పని మొదలుపెడుతున్న రోజులవి.

1949 సెప్టెంబర్‌లో ఆ సభలో ఆదివాసీ ప్రాంతాల పాలనకు సంబంధించిన అయిదో షెడ్యూలు చర్చకు వచ్చింది. ఆదివాసీల తరఫున జైపాల్ సింగ్ గట్టిగా వాదించాడు. అదే ఏడాది నవంబర్ 23న నిజాం భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా ఇచ్చాడు. ఆ షెడ్యూలు వర్తించే ప్రాంతాలను ప్రకటిస్తూ మరుసటి ఏడు డిసెంబర్ 7న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులో ఆదిలాబాద్ జిల్లా ఊళ్లు పేరుపేరునా ఉన్నాయి. జాబితాలో ఊరి పేరుంటే ఒక చట్టం, లేకుంటే మరొకటి.

అయిదో షెడ్యూలు బలమంతా ఒక్క పేరాలో ఉంది. రాష్ట్రపతి ఆమోదంతో గవర్నరే భూమి బదలాయింపుపై రెగ్యులేషన్ చేయవచ్చు. ఆంధ్ర ఏజెన్సీకి 1959లో చేసిన రెగ్యులేషన్ తెలంగాణకు వచ్చేసరికి 1963 డిసెంబర్ అయింది. దానికి 1970లో చేసిన సవరణే వన్ ఆఫ్ సెవెంటీ. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరే రుజువు చూపేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందేనని ఈ చట్టం భావిస్తుంది. పహాణీలో పేరెక్కని, దస్తావేజు రాయించుకోవడం తెలియని రైతుకు ఇంతకు మించిన అండ ఏముంటుంది? ఆ భూమి తన చేతికి ఎలా వచ్చిందో చెప్పుకోవాల్సిన బాధ్యత అవతలి వాడిదైంది. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడమూ చెల్లకుండా పోయింది.

అయినా భూములు తిరిగి రాలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో మృతులు 13 మంది. జనం చెప్పే సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. రాజ్యాంగ చరిత్ర రాసేవాళ్లు ఈ తేదీని వదిలేయడం అన్యాయం.

పాత కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగి, 1957లో మంథని నుంచి అసెంబ్లీకి వెళ్లిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 73వ సవరణ వచ్చింది. 1993 ఏప్రిల్ 24 నుంచి పంచాయతీలకు రాజ్యాంగ హోదా దక్కింది. కరీంనగర్ మైదానపు ఊళ్లకు అది నేరుగా అందింది. గోదావరి అవతలి ఏజెన్సీ ఊళ్లను మాత్రం 243-ఎం అధికరణం పక్కన పెట్టింది. వాటికోసం 1996 డిసెంబర్‌లో, పంచాయతీలను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించే పెసా చట్టం చేశారు. గ్రామసభకు ప్రాణం పోసిన ఇంత పెద్ద మార్పూ మామూలు చట్టంతోనే జరిగింది. దాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించనక్కర్లేదని 243-ఎం ముందే చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిబంధనలు రావడానికి మాత్రం 2011 దాకా పట్టింది. అంత ఆలస్యానికి ఏ సమర్థనా చాలదు.

తాజా తగువు బడి చుట్టూ నడుస్తోంది. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో వచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమంది. ఆ రక్షణను మళ్లీ తెమ్మని ఆదివాసీ సంఘాలు అడుగుతున్నాయి. ఇంట్లో గోండి మాట్లాడే పిల్లకు ఒకటో తరగతిలో తన మాట తెలిసిన టీచరు దొరకడం ఇప్పుడు ప్రభుత్వమిచ్చే జవాబు మీద ఆధారపడి ఉంది.