పదో తరగతి తర్వాత... అడ్వాన్సు కట్టేముందు!

ఫిబ్రవరిలో గుణదల కొండ మీద మేరీమాత ఉత్సవాలు ముగిసేసరికి మన బెజవాడ ఇళ్ళల్లో ఇంకో హడావుడి మొదలవుతుంది. పదో తరగతి పిల్లలున్న ఇంటికి కాలేజీల తరఫు మనుషులు వచ్చి, "ఇప్పుడే సీటు ఖాయం చేసుకోండమ్మా, ఫీజు తగ్గిస్తాం" అంటారు. పిల్ల ఇంకా పరీక్షే రాయలేదు, గ్రూపు మాత్రం నిర్ణయమైపోతుంది! పక్కింటివాళ్ళు ఎంపీసీ అంటే మనమూ ఎంపీసీయే.

బీసెంట్ రోడ్డులో ఒక చీర కొనడానికి నాలుగు కొట్లు ఎక్కి దిగుతాం కదా! పిల్లల చదువు విషయంలో ఒక్క కొట్టు దగ్గరే ఆగిపోవడం ఎందుకు?

ఇంటర్ ఒక్కటే దారి కాదు. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా చదవొచ్చు. ఆ తర్వాత ఉద్యోగం చూసుకోవచ్చు, లేదా ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీలో పది పూర్తయిన పిల్లలకు ఆరేళ్ళ బీటెక్ ఉంది. చేతిపని మీద ఇష్టం ఉంటే ఐటీఐ, పొలం పనుల మీద మక్కువ ఉంటే రెండేళ్ళ వ్యవసాయ డిప్లొమా ఉన్నాయి.

ఇంటరే అనుకున్నా గ్రూపు చూసుకోవాలి. ఎంపీసీ చదివినవారు తర్వాత బీకాంకో, సీఏకో మళ్ళవచ్చు. సీఈసీ తీసుకున్నవారు మాత్రం ఇంజనీరింగుకు రాలేరు. బైపీసీ అంటే డాక్టరు ఒక్కటే కాదు. నర్సింగ్, ఫార్మసీ, వ్యవసాయం, పశువైద్యం కూడా ఉన్నాయి. లెక్కలంటే ఇష్టమున్న పిల్ల కామర్స్ కోరితే దాన్ని చిన్నచూపు చూడకండి.

ఇక ఇంట్లో మీరు చేయాల్సినవి:

* ఏ సబ్జెక్టు పుస్తకం పిల్ల తనంతట తాను తీస్తుందో నాలుగు రోజులు గమనించండి. మార్కులకన్నా అది ఎక్కువ చెబుతుంది.

* స్కూల్లో ఆ సబ్జెక్టు మాస్టారిని, ఆ చదువు చదివిన చుట్టాలనో తెలిసినవాళ్ళనో కలిపించండి.

* హాస్టలైతే ముందు మీరే వెళ్ళి గది, భోజనం, నిద్రవేళలు చూసిరండి. కాలేజీ మానేస్తే కట్టింది ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.

* అబ్బాయికి లక్షలు పెట్టి, అమ్మాయిని మాత్రం "దగ్గర్లో ఏదుంటే అది" అనకండి. ఆమె ఏమవ్వాలనుకుంటోందో కూడా అడగండి.

చేరాక పిల్ల "నావల్ల కావడం లేదమ్మా" అంటే "అంత డబ్బు కట్టాం" అనే మాట మీ నోట రానివ్వకండి. గ్రూపు మార్చుకోవచ్చు, కాలేజీ మారవచ్చు. ఓ ఏడాది పోయినా తిరిగి సంపాదించుకోవచ్చు. నాన్నగారికి చెప్పలేనిది పిల్లలు మీతోనే చెబుతారు. ఈ వేసవిలో ఆవకాయ జాడీలు సర్దే పనిలో పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, తీరిగ్గా ఆ మాట అడిగి చూడండి.