గుల్‌మార్గ్ మంచువాలుపై ఇద్దరు మిత్రులు

కాశ్మీర్‌లో సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్‌మార్గ్, రెండు పాదాలనూ ఒకే పలకకు బిగించుకుని మంచుపై పక్కవాటుగా జారే స్నోబోర్డింగ్‌కు, మిత్రుడితో నాలుగు రోజుల సెలవు గడపడానికి మన దేశంలో ఎంతో అనువైన చోటు. పలక ఉక్కు అంచుల్లో మడమల వైపుదాన్నో మునివేళ్ల వైపుదాన్నో మంచులోకి నొక్కితేనే వేగం తగ్గి దిశ మారుతుంది కనుక, కొత్తవారు ముందుగా కింది చిన్న వాలుల మీద దీన్నే సాధన చేయాలి. గోండోలా, అంటే తీగపై నడిచే పెట్టె, రెండు అంచెల్లో అఫర్వత్ కొండపై దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అక్కడ భద్రతా సిబ్బంది గస్తీ తిరిగే హద్దు దాటితే మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఎక్కువ. కూరుకుపోయినవారి జాడ తెలిపే రేడియో పరికరం, మంచు లోతున వెతికే పొడవాటి చువ్వ, పార ఇద్దరి వద్దా ఉండాలి, ఎందుకంటే ప్రాణం నిలిచే తొలి పావుగంటలో బయటికి తీయగలిగేది సాధారణంగా పక్కనున్న మిత్రుడే. వాటిని వాడటం రానివారు ఆ హద్దు దాటకూడదు.