ఒక్క నిమిషం వెనిగర్

నూడుల్స్ బండివాడు సీసాలోంచి చిలకరించే వెనిగర్ తెలుసుగా అమ్మడూ? ముంబయి మురికివాడల్లో దానితోనే ఆడవాళ్ల ప్రాణాలు నిలబెట్టారు. నవ్వకు, విను.

గర్భసంచికి కింద సీసా మూతిలాంటి మెడ ఒకటి ఉంటుంది. అక్కడికి హెచ్‌పీవీ అనే వైరస్ చేరుతుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లకి దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం మొండికేస్తుంది. అప్పుడు కూడా క్యాన్సర్ కావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. అంత వ్యవధి ఇచ్చే జబ్బుతో మన దేశంలో ఏటా డెబ్బై వేలకు పైగా ఆడవాళ్లు పోతున్నారంటే, వైద్యం లేక కాదు, ఎవరూ చూడక.

చూడ్డం ఎలాగంటావా? నాలుగైదు శాతం గాఢత ఉన్న ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే ఇంచుమించు ఆ వెనిగర్‌నే, దూదితో ఆ మెడకి అద్దుతారు. ఒక్క నిమిషం ఆగుతారు. గుడ్డు తెల్లసొన పెనం మీద పడగానే ఏమవుతుంది? అందులోని ప్రోటీన్ ముద్దకట్టి తెల్లబడుతుంది. చెడుతున్న కణాల్లో కేంద్రకం పెద్దది, ప్రోటీన్ ఎక్కువ. ఆమ్లం తగలగానే అవి కూడా తెల్లగా తేలతాయి. కాసేపటికి ఆ తెలుపు మాయం. (ఇది ఇంట్లో చేసుకునేది కాదు సుమా!) మామూలు వాపు ఉన్నా ఒక్కోసారి తెల్లబడుతుంది కాబట్టి, తెలుపు కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. పెద్దాసుపత్రిలో మళ్లీ చూస్తారు.

ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టరు సురేంద్ర శాస్త్రి బృందం 1998లో ఈ పని మొదలుపెట్టింది. చూసింది డాక్టర్లు కాదు, పదో తరగతి చదివి, శిక్షణ పొందిన బస్తీ ఆడవాళ్లే! రెండేళ్లకోసారి పరీక్ష. ఆ జబ్బుతో చనిపోయేవాళ్లు 31 శాతం తగ్గారని 2013లో తేలింది. పోల్చి చూడ్డానికి పెట్టుకున్న రెండో గుంపుకి పరీక్ష చేయకుండా మాటలతో సరిపెట్టడం నాకు మింగుడుపడదు. దాని మీద గొడవ కూడా అయింది.

అదే మహారాష్ట్రలో ఉస్మానాబాద్ పల్లెల్లో, ఆ వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ పరీక్ష ఇంకా బాగా పనిచేసింది. ఒక్కసారి చేస్తేనే ఎనిమిదేళ్లలో చావులు దాదాపు సగానికి తగ్గాయి. అక్కడ వెనిగర్ అంత ఫలితం చూపలేదు మరి!

మీ అమ్మమ్మకి 'తెల్లబట్ట' అని నలుగురిలో అనడానికే సిగ్గు, ఇక ఇలాంటి పరీక్ష ఊసెక్కడ? మీ అమ్మ ఎప్పుడైనా పరీక్ష చేయించుకుందేమో, రాత్రి ఫోన్లో అడుగు.