పిల్లల నోరు తెరిపించి చూశారా?

"మండుతోందమ్మా!" అని పిల్లాడు కంచం నెట్టేస్తే మనమేం చేస్తాం? "వేడి చేసిందిలే" అని మజ్జిగన్నం కలిపి పెడతాం. నంద్యాల, ఆళ్ళగడ్డ ఎండలకు ఆ మాట నిజమేననిపిస్తుంది కూడా! కానీ ఒక్కసారి వాణ్ణి వెలుతురులో కూర్చోబెట్టి నోరు చూశారా?

పిల్లల నోట్లో పుండ్లు, బుడగలు, వాపులు మనం అనుకునేదానికంటే ఎక్కువే. కంగారుపడకండి, చాలామటుకు ప్రమాదం లేనివే. చిన్నపిల్లల నోట్లో క్యాన్సర్ బహు అరుదు.

తెల్లటి చిన్న పూత వారం, పదిరోజుల్లో దానంతటదే మానుతుంది. జ్వరంతోపాటు చిగుళ్ళు వాచి నోరంతా పొక్కులొస్తే మాత్రం అది వైరస్ కావచ్చు. గ్లాసు, స్పూను వేరుగా పెట్టండి. నీళ్ళు కూడా తాగడం మానేస్తే ఆలస్యం చేయకండి.

కింది పెదవి లోపల మెత్తటి నీటిబుడగ కనిపించిందా? పెదవి కొరుక్కునే పిల్లలకిది మామూలే. లాలాజలం వచ్చే సన్నటి గొట్టం తెగి, ఊట లోపలే చేరుతుంది. చితికిపోయి మళ్ళీ వస్తుంది. సూదితో పొడిచేరు సుమా! చిన్న ఆపరేషన్‌తో తీసేస్తారు.

అసలు భయపడాల్సింది నొప్పిలేని వాపుకి. పన్నెండు, పదమూడేళ్ళొచ్చినా ఒక పన్ను రాలేదు, ఆ వైపు దవడ కాస్త ఉబ్బింది, నొప్పి లేదు. "పోన్లే" అనుకుంటాం. ఎముకలో ఇరుక్కున్న పన్ను చుట్టూ నీటితిత్తి పెరుగుతుండొచ్చు. చడీచప్పుడు లేకుండా ఎముకను తినేస్తుంది. ఎక్స్‌రే తీస్తేగానీ తెలీదు.

"పాలపన్నేగా, ఊడిపోతుంది" అని పిప్పిపన్నునీ వదిలేస్తాం. దాని వేరుదగ్గర చేరిన చీము, కింద తయారవుతున్న కొత్తపన్నుని పాడుచేస్తుంది. నొప్పి మాత్ర నూరి చిగురుకి పెట్టే అలవాటుంటే మానండి, చిగురు కాలిపోతుంది.

ఇక మగపిల్లల జేబులు! వక్కపొడి, గుట్కా పొట్లాలు దొరికితే తిట్టేముందు నోరు తెరవమనండి. వాడి మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోతే, కారం అసలు తట్టుకోలేకపోతే, బుగ్గలు లోపల బిగుసుకుంటున్నాయేమో చూపించాలి. బిగిసింది పూర్తిగా మామూలవడం కష్టం. మానేస్తే ముదరకుండా ఆగొచ్చు.

రెండు వారాలు దాటినా మానని పుండునీ, తగ్గని వాపునీ డాక్టరుకి చూపించాల్సిందే. 2023లో నంద్యాలలోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. కర్నూలు పెద్దాసుపత్రి, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఎలాగూ ఉన్నాయి. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలుంటే పట్టుకెళ్ళడం మరిచిపోకండి.