మీకు తెలుసా? ఒకే ఏడాదిలో మైనస్ 51, ప్లస్ 49!

కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న అమెరికా మైదాన రాష్ట్రం నార్త్ డకోటా. 1936 ఫిబ్రవరిలో అక్కడి పార్షల్‌లో ఉష్ణోగ్రత మైనస్ 51 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అదే ఏడాది జులైలో స్టీల్ అనే ఊళ్లో 49 దాటింది. దరిదాపుల్లో సముద్రం లేదు, ఉత్తరపు చలిగాలిని ఆపే కొండలూ లేవు మరి!

తూర్పు అంచున రెడ్ రివర్ ఉత్తరానికి పారుతుంది. వసంతంలో ఎగువన, అంటే దక్షిణాన, మంచు ముందే కరుగుతుంది. దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. దారిలేని నీరు చదునైన పొలాల మీద పరుచుకుంటుంది. 1997లో గ్రాండ్ ఫోర్క్స్ నగరం అలాగే మునిగింది. నడిబొడ్డున వరద నీళ్లలోనే భవనాలు తగలబడ్డాయి. ఆ నేల అంత చదునుగా ఉండటానికి కారణం, అది మంచుయుగం నాటి అగాసీ సరస్సు అడుగు కావడమే.

పడమట బాకెన్ అనే శిలాపొరల్లో చమురు ఉన్నా, ఈ రాష్ట్రంలో నిజంగా మెచ్చుకోవలసింది రైతులను. బయటి బ్యాంకుల వడ్డీలతో విసిగి, పోరాడి 1919లో రాష్ట్ర ప్రభుత్వం చేతనే బ్యాంకు పెట్టించారు. 1922లో ప్రభుత్వ పిండిమిల్లూ మొదలైంది. రెండూ నేటికీ నడుస్తున్నాయి.

చదువులోనూ ముందుచూపే. రాష్ట్ర హోదా 1889లో వస్తే, నార్త్ డకోటా యూనివర్సిటీ 1883లోనే వెలిసింది.