ఇంట్లో ఆర్‌ఎక్స్ 100 ఉందా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ఆ చప్పుడు వినబడితే తల తిప్పి చూసే నాన్నలు మనలో చాలామందే! 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100ను ముచ్చటగా దాచుకున్నవారూ ఉన్నారు. దాన్ని ఫోర్ స్ట్రోక్ బండిలా చూడకండి.

ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ ఇంజన్ అడుగున ఉండి తిరుగుతుంది. వేళకు మారిస్తే చాలు. టూ స్ట్రోక్‌లో గేర్ ఆయిల్ వేరు. పిస్టన్‌ను కాపాడే టూ-టీ ఆయిల్ పెట్రోలుతోపాటే కాలిపోతుంది. పొగ తగ్గుతుందని దాన్ని తగ్గిస్తే పిస్టన్ పట్టేసి, పరుగు మీదే వెనుక చక్రం బిగుసుకుపోవచ్చు. వెనుక కూర్చున్నది మన పిల్లలు! అలా జరిగితే వెంటనే క్లచ్ పట్టండి. ఎక్కువ పోసినా పొగ, ప్లగ్గుకు మసి. కంపెనీ చెప్పిన కొలతే పోయండి.

బడి గేటు దగ్గర ఇంజన్ ఆపేయండి. సైలెన్సర్ పొగ పెద్దల మోకాళ్ల దగ్గరే వదులుతుంది; నర్సరీ పిల్లలకు అది ముఖం మీదికే.